అమీన్‌పూర్ మీద కన్నేసినోళ్లు నారాయణఖేడ్‌కు వస్తరా?

రేపు ఒక కంపెనీకి తెలంగాణలో ఎక్కడైనా కరెంటు అమ్ముకునే హక్కు వచ్చిందనుకుందాం. దుకాణం ముందుగా ఎక్కడ తెరుస్తది? ఆలోచించాల్సిన పనిలేదు, అమీన్‌పూర్ దగ్గరనే. ఇక్కడ చెరువుల చుట్టూ అపార్టుమెంట్లు లేచినయి. ఇంటింటికీ ఏసీలు, లిఫ్టులు, బోర్లు. పక్కన పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తయి. తీగ లాగాల్సిన దూరం తక్కువ, కాలే యూనిట్లు ఎక్కువ, బిల్లు నెలనెలా వసూలవుతది.

అదే సంగారెడ్డి జిల్లాకు అటు చివర, కర్ణాటక సరిహద్దు దిక్కు, నారాయణఖేడ్ ఉన్నది. అక్కడ కిలోమీటర్లకొద్దీ తీగ లాగితే తండాలో నాలుగు బల్బులు, బాయికాడ రెండు మోటర్లు. ఆ కంపెనీ అక్కడికి పోతదా?

ఇంతవరకు ఈ రెండు ఊర్లకు కరెంటిచ్చే సంస్థ ఒక్కటే. నిన్న ఏపీసీపీడీసీఎల్, ఇయ్యాల టీజీఎస్పీడీసీఎల్. బోర్డు మీద పేరు మారింది కాని సంచి ఒక్కటే. పాశమైలారం ఫ్యాక్టరీ అసలు ఖర్చు కన్న ఎక్కువ కడితే, ఆ ఎక్కువలో కొంత కంగ్టి రైతు మోటరుకు పోతది. మిగిలింది సర్కారు సబ్సిడీగా ఇస్తది. క్రాస్ సబ్సిడీ అంటే ఇదే. దీన్ని ఇంగ్లీషులో చెప్పినప్పుడల్లా అదేదో రోగమన్నట్టు చెప్తరు. పెద్దింటి గుమ్మం దీపం వీధికి కూడా వెలుగివ్వడం మన దగ్గర రోగమెప్పుడైంది?

2025 అక్టోబరులో కేంద్రం విద్యుత్ చట్టానికి సవరణల ముసాయిదా విడుదల చేసింది. ఒకే ప్రాంతంలో ఒకటికి మించిన పంపిణీ సంస్థలు ఉన్న తీగల మీదనే కరెంటు అమ్ముకోవచ్చునట. తయారీ పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోల మీద పడుతున్న క్రాస్ సబ్సిడీని ఐదేండ్లలో ఎత్తేయాలట. పోటీ వస్తే ధర తగ్గుతదని, వినియోగదారుడే రాజని చెప్తున్నరు. ఈ పాట మాకు కొత్త కాదు. మూడు దశాబ్దాల కింద ఇదే పాట విన్నం. అప్పుడు పాడినోళ్లు అమెరికా నుంచి వచ్చినోళ్లు.

సంగతి మొదటినుంచి చెప్పుకోవాలె. 1991లో ఢిల్లీ సర్కారు కరెంటు ఉత్పత్తిని ప్రైవేటుకు, విదేశీ కంపెనీలకు తెరిచింది. టెండర్లు లేకుండా ఒప్పందాల మీదనే ఎనిమిది ప్రాజెక్టులను ‘ఫాస్ట్ ట్రాక్’ పేరుతో ఎంపిక చేసి, రాష్ట్రాలు డబ్బు కట్టకపోతే మేం కడతమని హామీకి మళ్లా హామీ ఇస్తమన్నరు. ఆ ఎనిమిదిలో మూడు మన ఉమ్మడి రాష్ట్రానివి: జేగురుపాడు, కాకినాడ, విశాఖ. మూడూ సముద్రం దిక్కే. తెలంగాణకు ఒక్కటి లేదు. గ్యాసు ఉన్నకాడ ప్లాంటు పెట్టిండ్రంటే ఒప్పుకుందాం. మరి బొగ్గు సంగతేంది? రామగుండం ఎన్టీపీసీని, కొత్తగూడాన్ని మేం కాదంటలేం. కాని రాయలసీమ థర్మల్ కోసం సింగరేణి బొగ్గును వందల కిలోమీటర్లు రైలెక్కించి ముద్దనూరు దాక తోలింది ఏ లెక్క ప్రకారం? గ్యాసుకు ఒక న్యాయం, బొగ్గుకు ఒక న్యాయమా?

జేగురుపాడు ప్లాంటు జీవీకే వాళ్లది. అందులో అమెరికా మిషిగన్ రాష్ట్రానికి చెందిన సీఎంఎస్ ఎనర్జీకి వాటా ఉండేది. సీఎంఎస్ అంటే అక్కడ ఇంటింటికీ కరెంటు, గ్యాసు అమ్మే కంపెనీకి మాతృసంస్థ. 1997లో నడక మొదలుపెట్టిన ఈ 216 మెగావాట్ల ప్లాంటు దేశంలోనే మొదటి ప్రైవేటు ప్లాంటని గొప్పగా చెప్పుకున్నరు. విశాఖలో హిందూజాల ప్రాజెక్టు మాత్రం రెండు దశాబ్దాలు కాగితాల మీదనే నానింది.

ఆ ఒప్పందాల లోపల ఏమున్నదో అప్పట్లో మామూలు జనానికి తెల్వనియ్యలేదు. 1992 మార్చిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్లాంటు ఏడాదిలో 68.5 శాతం నడిస్తే చాలు, అంటే 8,760 గంటల్లో సుమారు 6,000 గంటలు. అంత నడిస్తే పెట్టిన సొంత పెట్టుబడి మీద 16 శాతం లాభం గ్యారంటీ. అంతకన్న ఎక్కువ నడిపితే పైన బహుమానం. ప్లాంటు సిద్ధంగా ఉండి మనమే కరెంటు తీసుకోకున్నా స్థిర చార్జీలు కట్టాల్సిందే. ఇంధనం ధర పెరిగితే మన బిల్లులో. డాలరు పెరిగినా మన బిల్లులోనే.

మన ఊరి లెక్కలో చెప్తం. దున్నడానికి ట్రాక్టరు కిరాయికి పిలిస్తే దున్నిన గంటలకే పైసలిస్తం. దున్నకుండా మన గెట్టు మీద నిలబడ్డ ట్రాక్టరుకు కిరాయి ఇస్తమా? డీజిల్ ధర పెరిగితే మనమే కడతమా? ట్రాక్టరును ఎంత ఎక్కువ ధరకు కొంటే కిరాయి అంత ఎక్కువ అంటే ఊకుంటమా? ఆ కిరాయిని డాలర్లలో లెక్కగట్టుమంటే ఊర్లోంచి తరిమి కొడతం. మరి సచివాలయంలో అదే ఒప్పందం మీద సంతకాలు పెట్టి, పూలగుత్తులిచ్చి ఫొటోలు దిగిండ్రు.

ట్రాక్టరును ఎక్కువ ధరకు కొనడం దగ్గర ఒక్క నిమిషం ఆగాలె. లాభం పెట్టుబడి మీద శాతం లెక్కన వస్తది. పెట్టుబడి ఉబ్బితే లాభం ఉబ్బుతది. మహారాష్ట్రలోని దబోల్ ప్రాజెక్టులో ఎన్రాన్‌తో పాటు జనరల్ ఎలక్ట్రిక్, బెక్టెల్ కూడా వాటాదార్లు. టర్బైన్లు అమ్మింది జనరల్ ఎలక్ట్రిక్, ప్లాంటు కట్టింది బెక్టెల్. అమ్మేటోడు, కొనేటోడు ఒక్క గూటి పక్షులైతే బేరం ఎవరాడతరు? 1999లో కరెంటు మొదలైన ఆ ప్లాంటు ధర భరించలేక 2001లో మూతబడ్డది. అదే ఏడాది డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది. ఇక్కడ అమీన్‌పూర్ పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉన్నది, 1960ల నుంచి టర్బైన్లు చేస్తున్నది. మన ఊర్ల పిల్లలు అందులో ఫిట్టర్లయిండ్రు, వెల్డర్లయిండ్రు. తయారు చేసే చేతులు మన దగ్గరుండంగ, కొనే బేరాలు సముద్రాల అవతల నడిచినయి.

ఉత్పత్తి అయినంక పంపిణీ వంతు వచ్చింది. ప్రపంచబ్యాంకు చెప్పినట్టు 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసిండ్రు. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చిండ్రు. ఆ నెలలోనే బ్యాంకు 21 కోట్ల డాలర్ల మొదటి విడత అప్పుకు ఒప్పుకున్నది. 2000లో పంపిణీని నాలుగు కంపెనీలుగా కోసి పెట్టిండ్రు. కోసింది దేనికి? అమ్మడానికి. పూర్తి సంచి ఎవడూ కొనడు కాబట్టి ముక్కలు చేసిండ్రు. ధరలు నిర్ణయించడానికి రెగ్యులేటరీ కమిషన్ పెట్టిండ్రు. దాని ఆఫీసు రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్‌లో! మన బొగ్గు కంపెనీ పేరున్న భవనంలో కూచొని మన కరెంటు రేటు పెంచిండ్రు.

2000 మేలో చార్జీలు పెరిగినయి. కాలువ కింది రైతుకు నీళ్లు వాటంతటవే మడిలోకి వస్తయి. తెలంగాణ రైతుకు మోటరు నడిస్తేనే నీళ్లు. అందుకే ఆ పెంపు రాష్ట్రమంతా ఒక్కటే అయినా దెబ్బ అందరికీ ఒక్కటి కాలేదు. తక్కువ వోల్టేజీకి మోటర్లు కాలుతుంటే, వైండింగు దుకాణాల ముందు మోటర్లు వరసకట్టిన రోజులవి. అర్ధరాత్రి కరెంటు వస్తదని చీకట్లో బాయికాడికి పోయి పాము కరిచి సచ్చిన రైతులు ప్రతి మండలంలో ఉన్నరు. ఆ ఎండాకాలం నుంచి రగిలిన ఆందోళన ఆగస్టు 28న హైదరాబాద్‌కు చేరింది. బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపిండ్రు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయినయి. చార్జీల మీద కేసీఆర్ అప్పటి ముఖ్యమంత్రికి లేఖ రాసింది కూడా ఆ కాలంలోనే. 2001 ఏప్రిల్ 27 అక్కడికి ఎన్ని నెలల దూరమో మీరే లెక్క పెట్టుకోండ్రి.

నాలుగు ముక్కలు చేసిన పంపిణీ కంపెనీలను ఆ తర్వాత అమ్మే ధైర్యం ఎవరికీ రాలేదు. 2004లో ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టి కొత్త సర్కారు వచ్చింది. బషీర్‌బాగ్ అడ్డం పడకపోయి ఉంటే ఏమయ్యేదో తెలుసుకోవాలంటే మాత్రం ఒడిశాకు పోయి చూడాలె. మనోళ్లు నమూనాగా పెట్టుకున్నది ఆ రాష్ట్రాన్నే. సంస్కరణల చట్టం అక్కడ మనకన్న మూడేండ్ల ముందే, 1995లోనే వచ్చింది.

భువనేశ్వర్, కటక్ చుట్టుపక్కల పంపిణీ చేసే సెస్కో అనే సంస్థలో 51 శాతాన్ని 1999 సెప్టెంబరులో అమెరికా కంపెనీ ఏఈఎస్ నాయకత్వంలోని బృందం 42 కోట్ల రూపాయలకు కొన్నది. రెండు నెలలు తిరగకముందే, అక్టోబరు 29న, పెనుతుపాను ఒడిశా తీరాన్ని ఊడ్చేసింది. స్తంభాలు కూలినయి, తీగలు తెగినయి. ఆ తర్వాత వసూళ్లు సాగలేదు, ట్రాన్స్‌మిషన్ సంస్థకు కట్టాల్సిన బకాయిలు పేరుకున్నయి. సర్కారు సాయం చేస్తలేదని కంపెనీ, కంపెనీ డబ్బు కడతలేదని సర్కారు. 2001లో ఏఈఎస్ చేతులెత్తేసి పోయింది. తీగలు, బకాయిలు, చీకటి ఊర్లు అక్కడి జనానికి మిగిలినయి. సంస్థ నడపడానికి కమిషన్ తానే ఒక అధికారిని కూచోబెట్టాల్సి వచ్చింది.

అసలు పాఠం ఇక్కడ ఉన్నది. అదే ఏఈఎస్‌కు అదే ఒడిశాలో కరెంటు తయారు చేసే సర్కారు కంపెనీ ఓపీజీసీలో 49 శాతం వాటా ఉండె. పంపిణీ వదిలిపెట్టి పోయిన కంపెనీ ఆ వాటాను మాత్రం వదల్లేదు. 2020 దాక పట్టుకున్నది! తయారీలో లాభం ఒప్పందంలో రాసి ఉంటది. పంపిణీలో ముసలవ్వ ఇంటికి పోయి బిల్లు అడగాలె, తుపానొస్తే స్తంభం లేపాలె. కంపెనీకి చెడ్డబుద్ధి ఉండి పోయిందని మేం అంటలేం. లెక్క చూసుకొని పోయింది. దానికి ఆ స్వేచ్ఛ ఉండె. ఊరికి ఎక్కడికీ పోయే స్వేచ్ఛ లేదు.

విదేశీ పేరు వినంగనే ఉలిక్కిపడే రకం కాదు మేము. సింగపూర్ కంపెనీ సెంబ్‌కార్ప్ నెల్లూరు జిల్లాలో కట్టిన బొగ్గు ప్లాంటు నుంచి తెలంగాణ కూడా కరెంటు కొన్నది. బహిరంగంగా టెండరు పిలిచి, ధర పోల్చి కొంటే అమ్మేటోడు ఏ దేశపోడైతే మనకేంది? సర్కారు బోర్డు బంగారమని కూడా మేం చెప్పం. కాలిన ట్రాన్స్‌ఫార్మరు మార్చడానికి రైతులు చందాలేసుకొని ట్రాక్టరు మీద తీసుకపోయిన రోజులు మర్చిపోలేం. పరిశ్రమల దొంగకరెంటును మీటర్లు లేని పంపుసెట్ల ఖాతాలో రాసి, నష్టమంతా రైతు వల్లనే అని చూపించిన తెలివి కూడా బోర్డుదే. 2012లో పవర్ హాలిడేలు పెడితే పటాన్‌చెరు కాంట్రాక్టు కూలీలు కూలి పోగొట్టుకున్నరు. రాష్ట్రం వచ్చినంక 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. దానికి కొన్న కరెంటు, చేసిన అప్పుల మీద అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నయి, అవి ఇంకోసారి. కాని మోటరు మాత్రం నడిచింది.

ఇప్పుడు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదవండ్రి. ఒకటి కేంద్రం ముసాయిదా. రెండోది, వ్యవసాయం, ఎత్తిపోతలు, మంచినీళ్ల పథకాల కనెక్షన్లన్నీ ఒక్కచోట చేర్చి మూడో డిస్కం పెట్టాలని 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం. సబ్సిడీ లెక్క శుభ్రంగా తేలుతదని సర్కారు చెప్తున్నది. తేలుతది, నిజమే. దాంతోపాటు ఇంకోటి కూడా తేలుతది. రైతును బయటికి తీస్తే పాత డిస్కంలలో మిగిలేది అమీన్‌పూర్, పాశమైలారం, గచ్చిబౌలి లాంటి బిల్లు కట్టే ఊర్లే. తవుడు చెరిగి పక్కన పోసి, బియ్యం గంపలో పెట్టి ఉంచినట్టు! అమ్మే ఉద్దేశం లేదని సర్కారు అనొచ్చు. 1999లో బోర్డును చీల్చినోళ్లు కూడా అదే మాటన్నరు.

సబ్సిడీ పూర్తిగా బడ్జెటు మీద పడితే ఒక ఏడాది ఇస్తరు, రెండో ఏడాది ఆలస్యం చేస్తరు, మూడో ఏడాది మీటరు పెడతరు. పాశమైలారం బిల్లులో కలిసి వచ్చిన పైసకు ఎవరి దయ అక్కర్లేదు. బడ్జెటులో వచ్చే పైసకు ఆర్థికమంత్రి సంతకం కావాలె.

ఇది అమీన్‌పూర్ అపార్టుమెంటు వాసులకు పట్టని ముచ్చట అనుకోవద్దు. మొదటి ఏడాది రేటు తగ్గిస్తరేమో. సెల్‌ఫోన్ కంపెనీలు మొదట అట్లనే తగ్గించినయి. పోటీదారులు ఇద్దరు ముగ్గురు మిగిలినంక బిల్లు ఎటు పోయిందో మన జేబుకు ఎరుకే. పైగా ఈ ఇండ్లల్లో ఉన్నోళ్లలో ఎంతమంది తల్లిదండ్రులు ఖేడ్‌ల, జోగిపేటల, జహీరాబాద్‌ల బాయికాడ ఉన్నరు? నగరంలో బిల్లు వంద తగ్గి, ఊర్లె నాయిన మోటరుకు మీటరొస్తే ఆ ఇంటికి మిగిలిందెంత?

ఏటా డిస్కంలు చార్జీల ప్రతిపాదనలు పెట్టినప్పుడు రెగ్యులేటరీ కమిషన్ జనం అభ్యంతరాలు పిలుస్తది. ఎవరైనా రాయొచ్చు, తెలుగులో కూడా రాయొచ్చు. ఈసారి మా అభ్యంతరం ముందే రాసి పెట్టుకున్నం. కొత్తగా లైసెన్సు అడిగే ఏ కంపెనీకైనా, స్వదేశీ కానీ విదేశీ కానీ, అమీన్‌పూర్‌ను విడిగా ఇయ్యొద్దు. తీసుకుంటే జిల్లా మొత్తం తీసుకోవాలె. కంగ్టి తండాలో తెగిన తీగను ఎన్ని గంటల్లో కడతరో లైసెన్సులోనే రాయాలె. మధ్యలో వదిలేసి పోతే ఎంత కట్టి పోవాలో అది కూడా సంతకం కన్న ముందే రాయాలె. ఈ షరతుల మీద వచ్చే కంపెనీ ఏదన్నా ఉంటే దాని పేరు చెప్పుమని కమిషన్‌ను అడుగుతున్నం.