క్లచ్ ప్లేటు కాలితే డ్రైవరు జీతం కోస్తారా?

పాత ట్రాక్టరు దమ్ము మధ్యలో ఆగిపోయిందంటే ఆసామి నోట ముందుగా వచ్చే మాట ఒకటే: "వీడు తొక్కి తొక్కి క్లచ్ తగలేశాడు." మెకానిక్కు ఇంకా రాలేదు, బండి కిందికి ఒక్కరూ తొంగి చూడలేదు, అయినా తీర్పు అయిపోతుంది. ప్లేటు ఖరీదులో సగమో మొత్తమో జీతంలోంచి పోతుంది. ఏడాది జీతం మీద ముందే అడ్వాన్సు తీసుకున్న మనిషి ఎదురు చెప్పలేడు. చెప్పినా ఏమని చెప్పాలి? "నేను కాల్చలేదండీ" అంటే వినేవాడెవరు? ఎందుకు కాలిందో చూపించగలగాలి. క్లచ్, గేరుబాక్సుల సంగతి మెకానిక్కుల విద్య అని మనం పక్కన పెట్టేసినంత కాలం ఈ కోత ఆగదు.

మాసీ 1035, మహీంద్రా బి-275 వంటి పాత బండ్లు మన ఊళ్లలో ఇంకా దున్నుతూనే ఉన్నాయి. చేతులు మారి మారి చివరికి చిన్న రైతు దగ్గరికో, అప్పు చేసి బండి కొన్న డ్రైవరు దగ్గరికో వస్తాయి. అప్పటికి బండి పుస్తకం ఉండదు, ఎప్పుడు ఏ సామాను మార్చారో చెప్పేవాడుండడు. ప్రభుత్వ రంగంలో 1971లో పింజోరులో జీటర్ 2511తో మొదలైన హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపింది. ఆ బండి ఉన్నవాడు సామాను కోసం పాత ఇనుము కొట్ల చుట్టూ తిరగాల్సిందే.

అసలు సంగతికి వద్దాం. ఇంజను వెనక ఫ్లైవీలు, దాని మీద ప్రెజర్ ప్లేటు, రెంటి మధ్య క్లచ్ ప్లేటు. స్ప్రింగులు దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపూ ఇంజను బలం గేరుబాక్సుకు పోతుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు వెళ్లి ఫింగర్లను నెడుతుంది, పట్టు వదులుతుంది. పెడల్ మీద కాలు వేయగానే కొంత దూరం తేలిగ్గా, బరువు లేకుండా దిగుతుంది. అదే ఫ్రీ ప్లే. చాలా పాత బండ్లలో అది ఒక అంగుళం అటూ ఇటూ ఉంటుంది. సరైన కొలత మాత్రం ఆ బండి పుస్తకంలో చూసుకోవాలి.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. ప్లేటు అరిగేకొద్దీ ఫింగర్లు బేరింగు వైపు జరుగుతాయి, ఫ్రీ ప్లే తగ్గిపోతూ వస్తుంది. తప్పు ఎవరూ చేయకపోయినా తగ్గుతుంది. సరిచేయకుండా వదిలేస్తే ఒకనాటికి బేరింగు ఎప్పుడూ ఫింగర్లను నొక్కుతూనే ఉంటుంది. డ్రైవరు కాలు తీసేసినా క్లచ్ సగం తొక్కినట్టే. ప్లేటు జారుతుంది, వేడెక్కుతుంది, మాడు వాసన వస్తుంది. స్పానరు పట్టుకుని కాసేపు కూర్చుంటే రాడ్డు సరిచేయవచ్చు. కానీ దమ్ముల రోజుల్లో ఆ కాసేపు ఎవరిస్తున్నారు? తెల్లవారకముందు బండెక్కిన మనిషిని రాత్రి పొద్దుపోయేదాకా దించరు. బండికి విశ్రాంతి లేదు, మనిషికీ లేదు. చివరికి నింద మాత్రం మనిషి కాలి మీద!

క్లచ్ జారుతోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. బండి చదునైన చోట పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, ముందూ వెనకా మనుషులను తప్పించి, బ్రేకులు గట్టిగా పట్టి, పై గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజను గబుక్కున ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టే. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చాలు, పదే పదే చేస్తే మంచి ప్లేటు కూడా మాడుతుంది. డ్యూయల్ క్లచ్ ఉన్న బండిలో ఇంకో ఆనవాలుంది: ట్రాలీ బాగానే లాగుతూ, రోటావేటరుకో నూర్పిడి మిషనుకో బలం చాలకపోతే జారేది పి.టి.ఓ. ప్లేటు అన్నమాట.

దీనికి తిరగబడిన జబ్బు, క్లచ్ పూర్తిగా వదలకపోవడం. పెడల్ తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి గేరు వేసినా కిర్రుమంటుంటే అది గేరుబాక్సు తప్పు కాకపోవచ్చు. ఫ్రీ ప్లే మరీ ఎక్కువైనా, పెడల్ పిన్నులు అరిగినా, వానాకాలమంతా చెట్టు కింద నిలబెట్టిన బండికి ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కున్నా అలాగే అవుతుంది. కొందరు దీన్ని తప్పించుకోవడానికి ఇంజను ఆపి, గేరు వేసి, అలాగే సెల్ఫు కొడతారు. బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఎదురుగా మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆసామి తొందరపెట్టినా సరే, ఈ పని చేయవద్దు.

చెవి కూడా మంచి మెకానిక్కే. గేరు లేకుండా ఇంజను తిరుగుతుండగా పెడల్ తొక్కితే మోత మొదలై, వదిలితే ఆగితే ముందు రిలీజ్ బేరింగును అనుమానించాలి. వదిలినప్పుడు మోత వచ్చి, తొక్కితే ఆగితే గేరుబాక్సు ముందు షాఫ్టు బేరింగు. ఒక్క గేరులోనే మోత వస్తే ఆ గేరు పళ్లు చూడాలి. మలుపుల్లోనే వస్తే డిఫరెన్షియల్ చూడాలి. గేరు పడింది, ఇంజను తిరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. డిఫరెన్షియల్ లాక్ వేస్తే కదిలింది. అయితే విరిగింది వెనక యాక్సిల్ షాఫ్టు. ఇది తెలియక క్లచ్ కోసమని బండిని రెండుగా విప్పించి కూలి పోగొట్టుకున్న చిన్న రైతులున్నారు.

గేరు దానంతటదే జారి న్యూట్రల్లో పడడం అన్నిటికన్నా ప్రమాదకరం. లోపల ఫోర్కు అరిగిందనో, దాన్ని నిలబెట్టే స్ప్రింగు బలం తగ్గిందనో, గేరు పళ్లు గుండ్రపడ్డాయనో దానికి అర్థం. డ్రైవరు ఒక చేత్తో గేరు రాడ్డు పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పుతూ నెట్టుకొస్తుంటాడు. వెనక ట్రాలీలో నాట్లకు పోయే ఆడకూలీలు నిండా ఉంటారు. కాలవ గట్టు దిగేటప్పుడు గేరు జారితే ఇంజను పట్టు పోతుంది, ఆ బరువంతా పాత బ్రేకుల మీద పడుతుంది. అలాంటి బండి ట్రాలీ ఎక్కమని చెప్పే హక్కు కూలీలకుందా అని సందేహం వద్దు. ఎక్కము అని చెప్పే హక్కు మాత్రం తప్పకుండా ఉంది. డ్రైవరు ఆ సంగతి వాళ్లకు దాచకూడదు. అతనూ కూలివాడే.

దమ్ము చేసిన బండికి గేరు ఆయిలు తప్పక చూడాలి. పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్లు దిగాయి. అదే ఆయిలుతో బేరింగులు ఎంతకాలం బతుకుతాయి?

డ్రైవరు తప్పు ఉండదని మేము అనడం లేదు. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ప్లేటును తింటుంది. కానీ బండి విప్పినప్పుడు అసలు సాక్ష్యం బయటపడుతుంది. ప్లేటు నూనెలో తడిసి ఉంటే ఆయిలు సీలు పోయింది. విప్పకముందే క్లచ్ హౌసింగు అడుగున ఉండే చిన్న రంధ్రం నుంచి నూనె కారడం కూడా కనిపిస్తుంది. పొడిగా, సమంగా రివెట్ల దాకా అరిగితే ఆయుష్షు తీరింది. ఫింగర్లు ఎత్తు తేడాగా ఉంటే, కిందటిసారి బిగించిన మెకానిక్కును అడగాలి. వేడికి నీలి మచ్చలు, బీటలు కనిపిస్తే ప్లేటు జారిందన్నంత వరకే తెలుస్తుంది. జారడం కాలి వల్లా, ఫ్రీ ప్లే చూడకపోవడం వల్లా, ట్రాలీ మీద మోయలేని బరువు వేయడం వల్లా అన్నది అప్పుడు విచారించాలి. కాబట్టి బండి విప్పేటప్పుడు డ్రైవరు అక్కడుండాలి, పాత ప్లేటు కళ్లారా చూడాలి. అతను లేకుండా విప్పి, "కాల్చావు" అని లెక్క రాస్తే ఒప్పుకోనక్కరలేదు.

నష్టం కింద జీతం కోయాలంటే అది కార్మికుడి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలని, కోసేముందు అతని మాట వినాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే చెప్పింది. ఫాక్టరీలకు, రైల్వేలకు ఆనాడు రాసిన మాట అది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. పొలం గట్టు మీద దాన్ని ఎవరు అమలు చేస్తున్నారు?

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ నడుస్తోంది. జీతం పోగొట్టుకుని, సొంత ఖర్చుతో అంత దూరం పోయి నేర్చుకోగల ట్రాక్టరు డ్రైవరు ఎవరు? ఆ శిక్షణ మండల కేంద్రానికి రావాలని, నేర్చుకునే రోజులకు కూలి ఇవ్వాలని సంఘాలు అడగాలి. ఈలోగా దమ్ములు మొదలు కాకముందే ప్రతి డ్రైవరూ ఆసామి ఎదుట ఫ్రీ ప్లే కొలిచి, గేరు ఆయిలు చూసి, తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. కింద ఆసామి చేత సంతకం చేయించుకోవాలి. చేయనంటే, ఇద్దరు తోటి కూలీల సంతకాలైనా ఉండాలి.