ఆటగాళ్ల కంచంలో పప్పు చిక్కబడాలి

క్రీడా హాస్టళ్ల వార్డెన్లకు, అకాడమీలు నడిపేవారికి, కోచ్‌లకు, పిల్లల్ని ఆటల్లోకి పంపిన తల్లిదండ్రులకు ఒక మనవి. బలం రావాలంటే ముక్క పడాల్సిందే అన్న నమ్మకం మన మైదానాల్లో గట్టిగా పాతుకుపోయింది. ముక్క మానెయ్యమని నేను అడగడం లేదు. ఆటగాడికి కావలసిన ప్రొటీన్‌లో ఎక్కువ భాగం పప్పులు, గింజలు, గుడ్లు, పాల నుంచి వచ్చేలా చూడమంటున్నాను. మామూలు మనిషికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కఠినంగా సాధన చేసేవారికి 1.2 నుంచి 2 గ్రాముల దాకా అవసరమని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. అంటే ఒక్కో ఆటగాడు దాదాపు ఇద్దరి ప్రొటీన్ తింటాడు. అందుకే అది ఎక్కడి నుంచి వస్తోందన్నది మిగతావాళ్లకన్నా అతని విషయంలోనే ఎక్కువ పట్టించుకోవాలి.

119 దేశాల్లోని సుమారు 38,700 వ్యవసాయ క్షేత్రాల వివరాలు కూర్చి పూర్, నెమెచెక్ అనే పరిశోధకులు 2018లో ‘సైన్స్’ పత్రికలో ఒక లెక్క వేశారు. వంద గ్రాముల ప్రొటీన్ పండించడానికి వెలువడే, భూమిని వేడెక్కించే వాయువులు గొర్రె, మేక మాంసానికి సగటున 20 కిలోలు, కోడికి 6 కిలోలకు కాస్త తక్కువ, గుడ్లకు 4 కిలోల పైచిలుకు. పప్పుధాన్యాలకు కిలో కూడా లేదు. ఇవి ప్రపంచ సగటులు, బీళ్లలో మేసే మన గొర్రెలకు వర్తించవని ఎవరైనా అనవచ్చు. కొంత నిజమే, వాటికి ప్రత్యేకంగా దాణా పండించాల్సిన పని లేదు. కానీ నెమరువేసే జంతువు ఎక్కడ మేసినా మీథేన్ వదులుతూనే ఉంటుంది. కంది, శనగ, పెసర మాత్రం గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లో పట్టి నేలకు ఎరువు ఖర్చు తగ్గిస్తాయి. భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది వానాధారంగానే పండుతుంది. ఎనిమిది దాటితే మైదానంలో నిలబడలేని వేసవుల్లో పరుగెత్తేది ఆటగాళ్లే కాబట్టి, ఈ లెక్క వాళ్లకు పరాయిది కాదు.

సరే, పప్పులు, గింజలు, గుడ్లు, పాలతో ప్రొటీన్ సరిపోతుందా? అరవై కిలోల కబడ్డీ క్రీడాకారుడిని తీసుకుందాం. కిలోకు 1.6 గ్రాముల చొప్పున రోజుకు 96 గ్రాములు కావాలి. రాత్రి నానబెట్టిన యాభై గ్రాముల శనగలతో 9, గుప్పెడు వేరుశనగలతో 7, మూడు గుడ్లతో 19, ఎనభై గ్రాముల కందిపప్పు గట్టిగా వండితే 17, అర లీటరు పాలూ పెరుగుతో 16. అన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి కలిపి నాలుగు వందల గ్రాముల ధాన్యం తింటే మరో 30 పైన. కోడి ముక్క పడకముందే లెక్క పూర్తయింది. మన హాస్టళ్లలో అసలు లోటు మాంసం కాదు, పప్పు. చాలాచోట్ల పప్పుచారులో పప్పును గరిటెతో వెతుక్కోవాలి!

మొక్కల ప్రొటీన్‌తో కండ పట్టదన్నది తరచూ వినిపించే అభ్యంతరం. బ్రెజిల్‌లో 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో పూర్తి శాకాహారులు 19 మంది, మాంసాహారులు 19 మంది పన్నెండు వారాలు బరువులెత్తారు. ఇరుపక్షాలకూ కిలోకు 1.6 గ్రాములు అందేలా ఒకరికి సోయా పొడి, ఇంకొకరికి పాల ప్రొటీన్ పొడి ఇచ్చారు. కండలోనూ బలంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న అధ్యయనమే, పైగా పొడుల సాయంతో జరిగింది. అయినా మోతాదు సరిపోతే మూలం పెద్ద అడ్డంకి కాదని అది చూపింది. బి12 మాత్రం మొక్కల్లో దొరకదు. ఇక మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ఆడపిల్లల కంచంలోంచి గుడ్డును, చేపను, మాంసాన్ని తీసేయమనడం తెలివితక్కువ పని. వాటికి తోడు, ఇనుము ఒంటికి పట్టేలా ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండాలి, భోజనం చేసిన వెంటనే టీ ఇవ్వకూడదు. డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని 2024 మార్గదర్శకాల్లో పోషకాహార సంస్థే చెప్పింది గనక వాటి గురించి వేరే చెప్పను.

పారిస్ ఒలింపిక్స్ సంగతి ఎత్తేవారూ ఉంటారు. 2024లో అక్కడి క్రీడాగ్రామంలో మొక్కల ఆహారం పెంచారు. గుడ్లు, మాంసం చాలడం లేదని క్రీడాకారులు గోల చేస్తే 700 కిలోల గుడ్లు, టన్ను మాంసం అదనంగా తెప్పించాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో అక్కడ తప్పింది సమయం. పోటీ వారంలో ఏ ఆటగాడూ తిండి మార్చుకోడు, మార్చుకోకూడదు కూడా. గుగ్గిళ్లకు కడుపుబ్బరం వస్తుందన్న ఫిర్యాదుకూ జవాబు ఇదే. పోటీలు లేని నెలల్లో కొద్దికొద్దిగా మొదలుపెట్టి, బాగా నానబెట్టి, సాధన ముగిశాక పెడితే కడుపు అలవాటుపడుతుంది.

కాబట్టి జూన్‌లో హాస్టళ్లు తెరిచేలోగా సరుకుల ఇండెంటును ఒకసారి తిరగరాయండి. టెండరు కాగితంలో ‘పప్పు’ అని ఊరికే రాయకుండా, ఒక్కో ఆటగాడికి రోజుకు ఎనభై గ్రాముల పచ్చి పప్పు అని అంకె వేయండి. సాయంత్రం బిస్కెట్ల స్థానంలో గుగ్గిళ్లు చేర్చండి. వారంలో రెండు పూటలు అన్నం బదులు రొట్టె, సంగటి పెట్టండి. తల్లిదండ్రులు హాస్టల్‌కు వెళ్లిన రోజున వంటగదిలోకి వెళ్లి, ఆ అంకెకు తగ్గట్టు పప్పు కొలిచి పోస్తున్నారో లేదో చూసి రండి.