మనీషాపంచక కథ - అపశూద్రాధికరణం: అద్వైత చరిత్రలో ఒక దాటవేత

శంకరాచార్యుని సామాజిక దృష్టిని చర్చించే తెలుగు రచనలలో కాశీ చండాలుని కథ తరచుగా ప్రమాణంగా కనిపిస్తుంది. తొలగిపొమ్మన్న ఆచార్యుని, తొలగవలసినది దేహమా, ఆత్మయా అని చండాలుడు ప్రశ్నించాడనీ, ఆచార్యుడు అతనిని గురువుగా అంగీకరించి మనీషాపంచకం చెప్పాడనీ కథ. దీనినిబట్టి శంకరుడు కులభేదాన్ని నిరాకరించాడని నిర్ణయిస్తున్నారు. ఈ నిర్ణయం నిలిచేది కాదు.

మొదటి లోపం ఆధారానిది. ఈ కథకు ప్రచారం కల్పించిన శంకరవిజయాలు ఆచార్యుని తరువాత శతాబ్దాలకు పుట్టిన మహిమాప్రధాన కావ్యాలు. భక్తికి అవి చాలును, చరిత్రకు చాలవు. పైగా ఆ చండాలుడు చివరకు శివుడని తేలుతుంది. అంటే నమస్కారం అందుకున్నది చండాలుడు కాదు, వేషం విడిచిన దైవం.

రెండవ లోపం మరింత కీలకమైనది. శంకరకృతమనడంలో వివాదం లేని బ్రహ్మసూత్రభాష్యం, అపశూద్రాధికరణంలో (1.3.34-38) శూద్రునికి వేదపూర్వకమైన విద్యాధికారాన్ని నిరాకరించింది. ఇతిహాస పురాణ శ్రవణం నాలుగు వర్ణాలకూ ఉందని మాత్రం అంగీకరించింది. ఉపదేశసాహస్రి గద్యభాగంలో, తాను బ్రాహ్మణపుత్రుడనని చెప్పుకొన్న శిష్యునికి గురువు ఆ జాతి దేహానిదే గాని ఆత్మది కాదని బోధిస్తాడు. అయితే ఆ బోధ బ్రాహ్మణునికి చెప్పదగినదని ఆ ప్రకరణమే ముందుగా నియమించింది. పరమార్థంలో తొలగిన కులం అధికార నిర్ణయంలో నిలిచే ఉంది.

వ్యవహార పరమార్థాల భేదంతో దీనిని సమన్వయించవచ్చునని కొందరు అంటారు. సిద్ధాంతంలో అది సరియే. కాని ఎవరు వినవచ్చు, ఎవరు వినరాదు అన్నది వ్యవహారంలోనే తేలవలసిన ప్రశ్న. దానికి పరమార్థాన్ని చూపడం సమాధానం కాదు, దాటవేత.

సమాధానం కోసం కాశీ దాకా పోనక్కరలేదు. ఇబ్రహీంపట్నానికి పొరుగునున్న నల్లగొండ జిల్లాలో, చింతపల్లికి చెందిన మాదిగ తత్వకవి దున్న ఇద్దాసు 19వ శతాబ్దంలోనే తెలుగులో తత్వాలు పాడి గురువయ్యాడు. తత్వకవులందరూ శాంకరులు కారు. శంకరునికి ఎరుకే బ్రహ్మం. అచల సిద్ధాంతులు ఆ ఎరుకను సైతం దాటాలంటారు. ఈ భేదాన్ని చెరిపివేయకుండానే చెప్పదగినది ఒకటుంది. అధికారం లేదన్నచోట, ఎవరి అనుమతీ కోరకుండా ఆత్మవిద్యను చేపట్టినవారు వీరు.

శంకరుని భాష్యాన్ని ఉన్నదున్నట్లు చదవడం ఆయనను తగ్గించడం కాదు. కథతో దానిని కప్పిపుచ్చడమే ఆయనకూ, ఇద్దాసుకూ అన్యాయం. చండాల వేషంలోని శివుని కొనియాడుతున్న పరిశోధన, ఏ వేషమూ లేని ఇద్దాసును తత్త్వవేత్తగా చదవడం ఇకనైనా ఆరంభించాలి.