స్టీరింగ్ ‘ఆట’ కట్టేదెప్పుడు?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే పాత జీపులో ముందు సీట్లో కూర్చున్నవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. రోడ్డు తిన్నగా ఉన్నా డ్రైవరు చేతులు స్టీరింగును అటు బెత్తెడు, ఇటు బెత్తెడు ఆడిస్తూనే ఉంటాయి. అదేంటని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే... ‘పాత బండి కదండీ, ఆ మాత్రం ఆట ఉంటాది.’

ఈ ‘పాత బండి కదా’ అన్న మాటతోనే పేచీ. స్టీరింగులో ఆట వయసుతో వచ్చే నెరిసిన జుట్టు లాంటిది కాదు. ఎక్కడో ఒక టై రాడ్ ఎండ్ అరిగింది, కింగ్ పిన్ బేరింగు వదులైంది, కమాన్ కట్ట షాకిల్ బుష్ పోయింది. పోయినదాన్ని వెతికి మారిస్తే పాతికేళ్ల జీపు కూడా చెప్పినట్టు వింటుంది. మార్చకపోతే ఐదేళ్ల బండి అయినా వినదు.

కొరాపుట్, రాయగడ జిల్లాల్లో బస్సు మొహం చూడని ఊళ్లు ఇంకా ఉన్నాయి. సంత రోజున అల్లం బస్తా, కోళ్ల గంప, చంటిబిడ్డతో తల్లి... అందరికీ ఆ కమాండర్ జీపే దిక్కు. జీపు మీద బతికే కుటుంబాల్లో మనవాళ్లూ తక్కువేం కాదు. అందుకే పాత జీపులన్నిటినీ తుక్కులో వేసేయాలనే వాదన నాకు రుచించదు. కేంద్రం 2021లో తుక్కు విధానం తెచ్చింది. 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ బండ్లకు 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం ఆపేశారు. ఢిల్లీ లాంటి చోట్ల సంగతి వేరు గానీ, మన దగ్గర జనం బండ్లకు ఫిట్‌నెస్ పరీక్షే గీటురాయి. నెగ్గితే తిరుగుతుంది, లేకపోతే లేదు. న్యాయమైన మాటే. మరి ఆ పరీక్షలో ఏం చూస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది స్టీరింగు గురించే. చక్రం మీద ఆట 30 డిగ్రీలు మించకూడదు. లింకేజీలోని బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు టోపీలుండాలి. బోల్టులు, పిన్నులు ఊడిరాకుండా లాక్ చేసి ఉండాలి. 30 డిగ్రీలంటే గడియారంలో పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య ఉన్నంత. పదహారు అంగుళాల స్టీరింగు అంచు మీద కొలిస్తే నాలుగు అంగుళాల పైచిలుకు. నన్నడిగితే ఘాట్ రోడ్డుకు అదీ ఎక్కువే. మన జీపుల్లో ఎన్ని ఈ కొలతకు నిలుస్తాయో ఎవరి బండి దగ్గర వాళ్లు చూసుకోవచ్చు. ఇక రబ్బరు టోపీల సంగతి సరేసరి. చిరిగిన టోపీలోంచి ఎర్రమట్టి దూరి గ్రీజుతో కలిస్తే అది ఆకురాయిలా జాయింటును అరగదీస్తుంది.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్.సి. చేయించాలి. అంటే ఈ జీపులన్నీ ఏడాదికోసారి పరీక్షకు నిలబడాల్సినవే. నిలబడే ముందు మనవాళ్లు చేసే తయారీ చూడాలి! కొత్త రంగు, రేడియం స్టిక్కర్లు, అరువు తెచ్చిన టైర్లు. పరీక్ష అయ్యాక టైర్లు వెనక్కి, ఆట యథాతథం. లైట్లు వెలిగాయా, హారన్ మోగిందా అని చూసి సంతకం పెడితే బండి కింద తొంగిచూసేదెవరు?

ఆట ఎక్కడుందో పట్టుకోవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. బండి నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. ఇంకొకరు కింద కూర్చుని స్టీరింగు బాక్సు దగ్గర్నుంచి చక్రం దాకా ఒక్కో జాయింటునూ చూడాలి. ఒక పక్క కదిలాక రెండో పక్క ఆలస్యంగా కదిలిందంటే దొంగ అక్కడే ఉన్నాడు. తర్వాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి (మిగతా చక్రాలకు రాళ్లు పెట్టడం మరవకండి). ఊగితే ఒకరిని బ్రేకు తొక్కమనాలి. తొక్కగానే ఊపు ఆగిపోతే అది చక్రం బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్. సాలూరు షెడ్లలో పెద్ద మేస్త్రీలకు ఇదంతా మంచినీళ్ల ప్రాయం. లారీలకు పేరుపడ్డ ఊరు కదా. మనవాళ్లూ అక్కడికి పోతూనే ఉంటారు... కాకపోతే పోయేది ఇంజను పొగ కక్కినప్పుడో, క్లచ్ జారినప్పుడో.

కొన్ని షెడ్లలో ఆట తగ్గించమంటే స్టీరింగు బాక్సు మీది స్క్రూ బిగించి పంపేస్తారు. అరిగింది కింద జాయింటైతే పైన స్క్రూ బిగించి ఏం లాభం? బాక్సు లోపల తిన్నగా నడిచే చోటే ఎక్కువ అరుగుతుంది. అక్కడికి సరిపడా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది, తిప్పిన చక్రం తిరిగి తిన్నగా రాదు. ఘాట్‌లో పాము మెలికల మలుపుల దగ్గర దీని అర్థమేమిటో డ్రైవర్లకు చెప్పక్కర్లేదు.

వెల్డింగు అంతకంటే ఘోరం. డ్రాగ్ లింకు, స్టీరింగు ఆర్మ్ వంటివి పదును పట్టిన ఉక్కు. వెల్డింగు వేడికి ఆ పదును పోతుంది, అతుకు పక్కనే పెళుసెక్కుతుంది. తర్వాత విరిగేటప్పుడు చెప్పి విరగదు. కమాన్ పట్టీల కథా అంతే. ముఖ్యంగా చెవులున్న మొదటి పట్టీ. ముందు యాక్సిలును దాని చోట నిలబెట్టేది అదే. అది విరిగితే యాక్సిలు జరిగి బండి ఓ పక్కకు లాగేస్తుంది. పట్టీకి అడ్డంగా తుప్పు రంగు గీత కనబడితే మార్చేయాల్సిందే. కొత్త పట్టీలు సర్దుకున్నాక యూ బోల్టులు వదులవుతాయి, నాలుగైదు రోజులు తిరిగాక మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు కోసం షెడ్డుకు వచ్చేవాళ్లు అరుదు.

బరువు మొయ్యడానికి అదనపు పట్టీలు వేయించడం ఇక్కడ ఆనవాయితీ. మోస్తాయి, నిజమే. కానీ పట్టీ వంగనంటే ఆ కుదుపు చాసిస్‌కూ, షాకిల్‌కూ పోతుంది. వెనక జనం వేలాడితే ఎక్కుడులో ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు ఎంత కొత్తదైనా నేల పట్టని చక్రాన్ని తిప్పి ఏం లాభం?

ఓనర్ల కష్టాలు తెలియనివి కావు. డీజిలు, ఇన్సూరెన్సు, పన్నులు పోగా మిగిలేది ఎంతో అందరికీ తెలుసు. అయినా టై రాడ్ ఎండ్ ధర వందల్లోనే ఉంటుంది. గ్రీజు గన్ ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. నిపుల్ తుడిచి, పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. వానాకాలంలో గెడ్డలు దాటే బండికైతే ఇంకా తరచుగా. నిపుల్ మూసుకుపోయి ఉంటే గ్రీజంతా పక్కనుంచే కారిపోతుంది, కొట్టామన్న తృప్తే మిగులుతుంది.

రవాణా శాఖ కొత్త చట్టమేదీ తేనక్కర్లేదు. ఉన్న 98వ నిబంధనను ఎఫ్.సి. రోజున జాకీ ఎత్తి చూస్తే చాలు, బండికి పది నిమిషాలు. ఆట ఉన్నదాన్ని తిప్పి పంపి వారం గడువివ్వాలి. జీపు యూనియన్లు కూడా వానలకు ముందే, మే నెలలో, స్టాండుకే ఓ మేస్త్రీని పిలిపించి బండ్లన్నీ చూపిస్తే ఖర్చు తలా కొంచెమే పడుతుంది. ఒడిశా బండి, ఆంధ్రా బండి అనుకోకుండా ఘాట్‌కు పైనా కిందా ఉన్న స్టాండులు రెండూ కలిసి ఒకే రోజు పెట్టుకుంటే మేస్త్రీకి కూడా రెండుసార్లు ఎక్కి దిగే పని ఉండదు.