పాముకాటు మందు పల్లె ఆసుపత్రిలోనే ఉండాలి

వర్షాకాలం వచ్చిందంటే దివిసీమ రైతు గట్టు మీద కాలు పెట్టడానికి జంకుతాడు. 2018 ఆగస్టులో అవనిగడ్డ పరిసర గ్రామాలలో పాముకాట్లు వరుసగా జరిగి జనం హడలిపోయారు. మోపిదేవిలో సర్పయాగం కూడా జరిపించారు. యాగం జనానికి ధైర్యం ఇచ్చి ఉండవచ్చు. కాటు పడిన మనిషికి కావలసింది మాత్రం వేళకు మందు.

పాములలో రక్తపింజర తీరు వేరు. దాని విషం సోకితే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. మూత్రపిండాలలోని సన్నని రక్తనాళాలు పూడుకుపోతాయి, రక్తపోటు పడిపోతుంది. ప్రాణం దక్కిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేలోగా మూత్రం ఎర్రబడుతుంది, తగ్గుతుంది, ఆగిపోతుంది. ఆపైన డయాలసిస్ తప్పకపోవచ్చు. కూలి కుటుంబానికి అదంటే పట్నంలో రోజుల తరబడి పడిగాపులు, తీరని అప్పు.

మూత్రపిండాలను కాపాడే మాత్ర ఏదైనా ఉన్నదా అని చాలామంది అడుగుతుంటారు. విషంలోని ఒక పదార్థాన్ని అడ్డుకునే వరెస్‌ప్లాడిబ్ అనే మందుపై పరిశోధన జరుగుతున్నది గాని, అది ఇంకా మన ఆసుపత్రుల వాడుకలోకి రాలేదు. చేతిలో ఉన్నది గుర్రాల రక్తం నుంచి తీసే విరుగుడు ఇంజక్షనే. అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని అణచగలదే తప్ప, అప్పటికే చెడిన మూత్రపిండాన్ని బాగుచేయలేదు. అందుకే ప్రతి గంటా విలువైనదే. పసరు, మంత్రం, కోత, బిగింపు కట్టు అంటూ కాలం గడపరాదు. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగరాదు. వాటిలో కొన్ని మూత్రపిండాలకే చేటు.

అయితే తప్పంతా ప్రజలదే అనడం న్యాయం కాదు. అర్ధరాత్రి ఆసుపత్రికి చేరిన మనిషిని "మందు లేదు, పెద్దాసుపత్రికి పొండి" అని తిప్పి పంపితే పోయిన గంటలకు బాధ్యులెవరు? విషం రక్తానికి ఎక్కిందీ లేనిదీ తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందేమో చూస్తే చాలు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ఆ మాట నిలవాలంటే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రింబవళ్లు మందూ, ఇచ్చే డాక్టరూ ఉండాలి. ఎన్ని సీసాలు నిల్వ ఉన్నదీ గుమ్మంలో బోర్డు మీద రోజూ రాయించాలి. తొలకరికి ముందే అధికారులు ఈ పని చేయించడం అవసరం.