బండ్ల లెక్క సేవకు కొలత కాదు

రెండు వరుసల జాతీయ రహదారి నాలుగు వరుసలు కావాలంటే రోజుకు 10,000 పీసీయూల రాకపోకలు ఉండాలన్న కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ ప్రమాణం పాత 15,000 గీతతో పోలిస్తే ఉదారంగా కనిపించవచ్చు గాని, కొలబద్దే తప్పయినప్పుడు గీతను ఎంత కిందికి జరిపినా ఒరిగేది స్వల్పం. ఒక్కో రకం వాహనం ఎన్ని కార్లకు సమానమో విలువ కట్టి కూడే లెక్కకు పీసీయూ అని పేరు. రోడ్డు మీద ఎంత భారం పడుతోందో అది చెబుతుందే తప్ప, ఆ రోడ్డు ప్రయాణికుడికి ఏపాటి సేవ చేస్తోందో చెప్పదు.

ఈ విధానానికి ఆధారమైన మాట ఒకటుంది, నిలదీయవలసింది దానినే. మైదాన ప్రాంతంలో 7 మీటర్ల వెడల్పున్న రోడ్డు రోజుకు 15,000 పీసీయూల దాకా 'బి' స్థాయి సేవ అందిస్తుందని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి 64వ నంబరు మార్గదర్శకం చెబుతుంది. 'ఎ' నుంచి 'ఎఫ్' దాకా ఉండే ఈ స్థాయిల్లో 'బి' అంటే చోదకుడు తనకు కావలసిన వేగాన్ని చాలావరకు ఎంచుకోగల స్థితి. హగరి దగ్గర 67వ జాతీయ రహదారి నుంచి చీలి ఆలూరు మీదుగా ఆదోనికి పోయే 167వ జాతీయ రహదారిపై, మార్కెట్టుకు పత్తి పోటెత్తే రోజుల్లో, ఆ స్వేచ్ఛ ఎవరికి దక్కుతోందో ఆ శాఖే చెప్పాలి.

అదే మార్గదర్శకం మోటారు సైకిలుకు 0.5, లారీకి 3, ట్రెయిలరు తగిలించిన ట్రాక్టరుకు 4.5 విలువ కట్టింది. అంటే తొమ్మిది మోటారు సైకిళ్లూ ఒక పత్తి ట్రాక్టరూ లెక్కలో సరిసమానం. రోడ్డు మీద ఆ తొమ్మిదీ పక్కకు జరిగి దారి ఇస్తాయి. ట్రెయిలరుకు రెండు పక్కలా బోరాలు ఉబ్బిన ట్రాక్టరు వెనుక మాత్రం లారీ, దాని వెనుక మంత్రాలయం బస్సు, ఆ వెనుక అంబులెన్సు సైతం ట్రాక్టరు వేగానికే కట్టుబడి పాకవలసి వస్తుంది. ఎదుటి వరుసలో ఖాళీ దొరికితేనే దాటడం కుదురుతుంది కనుక, ఎదురుగా ఎన్ని బండ్లు వస్తున్నాయన్నదే చోదకుడి గతిని నిర్ణయిస్తుంది. రెండు దిశలనూ కలిపి రోజంతటికీ కూడిన అంకెలో ఆ సంగతి ఆనవాలుకైనా మిగలదు. పంటల కాలంలో ఒకసారి, పనులు తగ్గిన కాలంలో ఒకసారి ఏడేసి రోజులు లెక్కించాలని రోడ్స్ కాంగ్రెస్సే చెప్పినా, ఆ రెండింటి సగటు తీసేసరికి రైతు రోడ్డు మీద అవస్థ పడే వారాలు కాగితం మీద మాయమవుతాయి.

పైగా ఆ 15,000 అంకె, ఇరువైపులా మంచి మట్టి మార్జిన్లు ఉంటాయన్న షరతు మీద నిలిచినది. నల్లరేగడి నేలలో గట్టి వాన ఒకటి పడితే మార్జిన్‌లోకి దిగిన చక్రం కూరుకుపోతుంది, మోటారు సైకిలు కూడా తారు దిగలేదు. షరతును వదిలేసి అంకెను మాత్రం పట్టుకొని సేవ బాగుందని రాసుకోవడం ప్రజలను మోసగించడమే.

బండ్లను లెక్కించడం చౌక, దేశమంతటికీ ఒకే కొలత ఉండడం నిధుల పంపకానికి అవసరం అన్న వాదనలో నిజముంది. అయితే మేలైన కొలత లేదని ఎవరూ అనలేరు. ముందు బండిని దాటలేక దాని వెనుకే పోవలసి వచ్చిన కాలం ప్రయాణంలో ఎంత శాతమో చూడాలని అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్ 1985లోనే నిర్దేశించింది. మన కేంద్ర రహదారి పరిశోధన సంస్థ సైతం 2017 నాటి 'ఇండో-హెచ్‌సీఎం'లో, అలా వెనుకపడి పోతున్న బండ్ల సంఖ్య రోడ్డు సామర్థ్యంలో ఎంత భాగమన్నదాన్ని రెండు వరుసల రోడ్లకు ప్రమాణం చేసింది. ప్రజల సొమ్ముతో తయారైన ఆ కొలత చేతిలో ఉండగా పీసీయూ గీత దగ్గరే నిలబడడం క్షమించరానిది.

హగరి, ఆదోని మధ్య పత్తి కాలంలో దిశలవారీగా ఈ కొలత తీసి, ఏ కిలోమీటరులో ఎంతో ఫలితాలను బయటపెట్టాలి. బండ్లు బారులు తీరే చోట్ల, నాలుగు వరుసల కోసం ఏళ్ల తరబడి ఆగకుండా, ముందు బండిని దాటేందుకు అదనపు వరుసను, గట్టిపరచిన మార్జిన్లను వెంటనే మంజూరు చేయాలి.