చూడకముందే విన్నారు

మైకేల్ జాక్సన్ పేరెత్తితే మనవాళ్లకు ముందు కాళ్లే గుర్తొస్తాయి. వెనక్కి జారే ఆ నడక, తెల్ల సాక్సులు, ఒంటిచేతికి మెరుపుల గ్లవ్. పాటల గురించి అడిగితే చాలామంది తడుముకుంటారు. దీన్నుంచే మరో మాట కూడా స్థిరపడిపోయింది. 'థ్రిల్లర్' ఆల్బమ్ అన్ని కోట్ల కాపీలు అమ్ముడుపోయిందంటే అది వీడియోల చలవ, అప్పుడే పుట్టిన ఎంటీవీ చలవ, దయ్యాల డాన్సు చలవ. పాటలు ఓ మోస్తరువే, బొమ్మే వాటిని మోసిందీ అని. పాప్ సంగీతమంటేనే హంగూ ఆర్భాటం అనుకునేవాళ్లకు ఇది భలే సుఖమైన వాదన. వినే శ్రమ లేకుండా తీర్పు చెప్పేయొచ్చు.

తారీఖులే ఈ వాదనకు అడ్డం తిరుగుతాయి. ఆల్బమ్ 1982 నవంబరు ఆఖర్లో వచ్చింది. 1983 ఫిబ్రవరి 26 నాటి బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 'బిల్లీ జీన్' వీడియో ఎంటీవీలో కనిపించింది ఆ తర్వాత, మార్చిలో. అప్పటిదాకా ఆ చానెల్ నల్లజాతి గాయకులను తెరమీదికి రానివ్వడమే అరుదు. ఇక మూన్‌వాక్ అమెరికా టీవీలో ప్రసారమైంది మే 16న. శ్మశానంలోంచి శవాలు లేచొచ్చే ఆ వీడియో అయితే డిసెంబరు మాట, అంటే ఆల్బమ్ బయటికొచ్చిన ఏడాదికి. ఆల్బమ్‌ను మొదటి స్థానానికి చేర్చిన జనం మరి ఏం చూసి కొన్నారు? చూసి కాదు, రేడియోలో విని కొన్నారు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈ ఆల్బమ్‌లోని తొమ్మిది పాటల్లో ఏడు సింగిల్స్‌గా వచ్చాయి. ఏడూ అమెరికాలో మొదటి పది స్థానాల్లోకి ఎక్కాయి. వీటిలో వీడియో ఉన్నవి మూడే. 'హ్యూమన్ నేచర్'కి వీడియో లేదు, 'వానా బీ స్టార్టిన్ సమ్‌థింగ్'కి లేదు, పాల్ మెకార్ట్‌నీతో కలిసి పాడిన మొట్టమొదటి సింగిల్‌కీ లేదు. బొమ్మే మోసిందంటే వీడియో లేని ఆ నాలుగింటిని ఎవరు మోశారు?

శవాలు లేచొచ్చే ఆ వీడియో, జాన్ లాండిస్ తీసిన ఆ పద్నాలుగు నిమిషాల చిన్న సినిమా, అమ్మకాలను మళ్లీ ఎగదోసిన మాట నిజమే. కాకపోతే అది కట్టిన ఇంటికి వేసిన రంగు. ఇల్లు లేచింది లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌లేక్ స్టూడియోలో, 1982 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా.

అక్కడ జరిగిందంతా చెవుల పని. జాక్సన్ స్వరాలు కాగితం మీద రాసుకునేవాడు కాదు, వాయిద్యాల మీద పెద్ద పట్టున్నవాడూ కాదు. పాట మొత్తం నోటితోనే కట్టేవాడు. 'బీట్ ఇట్' కోసం వాయిద్యం లేకుండా, తన గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేసుకున్న డెమో ఇప్పటికీ దొరుకుతుంది. డాన్సర్ అని మనం తీసిపారేసే మనిషి పని తీరు అది. నిర్మాత క్విన్సీ జోన్స్ జాజ్ బ్యాండుల్లో, సినిమా సంగీతంలో ఆరితేరినవాడు. ఇంజినీర్ బ్రూస్ స్వీడియన్ సంగతి చెప్పాలంటే, 'బిల్లీ జీన్' డ్రమ్ముల కోసం ఆయన ప్రత్యేకంగా చెక్క వేదిక చేయించాడు, పెద్ద డ్రమ్ముకు జిప్పున్న తొడుగు కుట్టించాడు. కొన్ని పంక్తులను జాక్సన్ చేత అట్ట గొట్టంలోంచి పాడించాడు. ఆ ఒక్క పాటనే తొంభై ఒక్కసార్లు మిక్స్ చేసి, చివరికి వెనక్కెళ్లి రెండో మిక్సే ఖాయం చేశారు. తొంభై ఒకటో దానికీ రెండో దానికీ తేడా పట్టగలిగే చెవులున్న గది అది. బొమ్మను నమ్ముకున్నవాళ్లకు ఇన్ని అగచాట్లు దేనికి?

అసలు గండం చివర్లో వచ్చింది. గడువు ముంచుకొచ్చింది, కంపెనీ ఎదురుచూస్తోంది. అందరూ కూర్చుని పూర్తయిన ఆల్బమ్ విన్నారు. పేలవంగా ఉంది. ఎల్పీ రికార్డుల కాలం చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. ఒక వైపున ఎన్ని ఎక్కువ నిమిషాలు కూరితే గాళ్లు అంత దగ్గరగా గీయాలి. గాడి ఇరుకైతే మోత తగ్గుతుంది, ముందు చచ్చేది బేస్. ఒక్కో వైపు ఇరవై నిమిషాల చుట్టుపక్కల ఉండాల్సింది వీళ్ల చేతిలో బాగా మించిపోయింది. జాక్సన్ కన్నీళ్లతో గదిలోంచి వెళ్లిపోయాడని అక్కడున్నవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. కంపెనీని ఆగమన్నారు. పాటల్ని కోశారు. 'ది లేడీ ఇన్ మై లైఫ్'లో ఓ చరణమే ఎగిరిపోయింది. కొన్నాళ్లు విరామం తీసుకుని, రోజుకో పాట చొప్పున మళ్లీ మిక్స్ చేశారు. చేతికొచ్చిన ఆల్బమ్ నిడివి సుమారు 42 నిమిషాలు. 1984 గ్రామీల్లో స్వీడియన్‌కు రికార్డింగ్ ఇంజినీరింగ్ బహుమతి వచ్చిందంటే ఊరికే రాలేదు.

పాటల ఎంపికలోనూ ఇదే తంతు. 'హ్యూమన్ నేచర్' ఆల్బమ్ కోసం పంపిన పాటే కాదు. వేరే డెమోలున్న క్యాసెట్ చివర్లో, ఆపకుండా వదిలేసిన టేపులో, సంగీతకారుడు స్టీవ్ పొర్కారో గుణుగుణుమంటున్న బాణీ జోన్స్ చెవిన పడింది. దాని కోసం అప్పటికే సిద్ధంగా ఉన్న 'కరోసెల్' అనే పాటను పక్కన పెట్టారు. 'బీట్ ఇట్'లో గిటార్ సోలో వాయించిన ఎడ్డీ వాన్ హేలెన్ పైసా పుచ్చుకోలేదు, పైగా తన వీలు కోసం పాట నడకనే మార్పించాడు. దాంతో టేపుల పొంతన చెడి, జాక్సన్ గొంతూ ఆ సోలోనూ మిగిలితే, వాటి చుట్టూ మిగతా వాయిద్యాలన్నీ కొత్తగా వాయించాల్సి వచ్చింది. (అన్నీ ఇంత ముచ్చటైన కథలేం కావు. 'వానా బీ స్టార్టిన్ సమ్‌థింగ్' చివరి పల్లవికి మూలం కామెరూన్ సంగీతకారుడు మాను దిబాంగో పాట. ఆయన కోర్టుకెక్కితే డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు.)

మన దగ్గరికి మాత్రం ఇదంతా కళ్ల దారిన వచ్చింది. 1985లో 'దొంగ' సినిమాలో చిరంజీవి 'గోలీమార్' అంటూ ఆ దయ్యాల వీడియోనే దించేశాడు. ఎర్ర చొక్కా, శ్మశానం, శవాల గుంపు, అన్నీ దిగాయి. హుషారైన పాటే, కాదనను. ఆ తర్వాత ఊరూరా స్టేజీల మీద, టీవీ డాన్సు పోటీల్లో జాక్సన్ అంటే స్టెప్పుల పేరే అయిపోయాడు. వింత ఏమిటంటే, మనం చూసి పాటను మెచ్చిన జాతేం కాదు. సినిమా రాకముందే క్యాసెట్లు కొని అరగదీసినవాళ్లం, ఆడియో ఫంక్షన్‌ను పండగలా జరుపుకున్నవాళ్లం, ఘంటసాల ముఖం ఎన్నడూ చూడకుండానే రేడియోలో గొంతు గుర్తుపట్టినవాళ్లం. మన పాటకిచ్చిన ఆ మర్యాద పరాయి పాటకు దక్కలేదు. పాశ్చాత్య పాప్ అనేసరికి చెవులు మూసుకుని కళ్లు మాత్రం తెరిచాం, ఆపైన అందులో సంగీతమేముందని పెదవి విరిచాం.

బొమ్మే మోసిందన్న వాదన ఓడితే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది: సరే, సంగీతం గొప్పదే, కానీ అది జోన్స్ గొప్పతనం, జాక్సన్ వట్టి గొంతు అని. తొమ్మిది పాటల్లో నాలుగు జాక్సన్ రాసినవి. 'బిల్లీ జీన్', 'బీట్ ఇట్' రెండూ వాటిలోవే. పైగా 'బిల్లీ జీన్' మొదట్లో గొంతు కలిసేలోపు దాదాపు అర నిమిషం డ్రమ్ములూ బేసూ మోగుతూనే ఉంటాయి. ఇంత పొడుగు దేనికి, కోసేద్దామన్నాడు జోన్స్. జాక్సన్ పట్టు వదల్లేదు. తనకు ఆడాలనిపించేదే ఆ చోట అన్నాడు. ఆ అర నిమిషం ఆల్బమ్‌లో అలాగే ఉంది.